తోక ఉంటే తుంచు

మరకల అత్తయ్యకు ఆ పేరు ఎవరు పెట్టారో ఆఫీసులో ఎవరికీ గుర్తులేదు గానీ, పెట్టినవాళ్లు ఆమెను బాగా చూసే పెట్టారు. ఎదుటి మనిషి చొక్కా మీద సిరా చుక్క ఉంటే ఆమె కళ్లు ముందు చుక్క దగ్గరికే వెళతాయి, మొహం సంగతి తర్వాత. ఇంట్లో గోడ మీద చెయ్యి ఆనించి చెప్పులు విడిచే ధైర్యం ఆమె మొగుడికి కూడా లేదు. అలాంటి మనిషికి అలాంటి ఉద్యోగమే దొరికింది.

ఊరి బయట మైదానంలో పెద్ద పెద్ద పళ్లేల్లాంటి యాంటెన్నాలు ఆకాశం వైపు నోళ్లు తెరుచుకుని నిలబడి ఉంటాయి. ఎక్కడో దూరాన గెలాక్సీల్లో ఉన్న హైడ్రోజన్ గ్యాసు నుంచి వచ్చే రేడియో తరంగాలను అవి పట్టి పంపిస్తే, ఊళ్లో ఉన్న ఆఫీసులో కంప్యూటర్లు వాటిని బొమ్మలుగా మారుస్తాయి. నల్లటి తెర మీద తెల్లగా ఒక గుండ్రటి మచ్చ కనిపిస్తే అది ఒక గెలాక్సీ తాలూకు గ్యాసన్నమాట. ఆ బొమ్మల్లో గెలాక్సీలు మాత్రమే ఉంటే అత్తయ్యకు జీతం ఎందుకు? మైదానం పక్క రోడ్డు మీద లారీ డ్రైవరు ఫోన్లో మాట్లాడినా, ఎవరో వెల్డింగు చేసినా, యాంటెన్నాలోని రిసీవరుకు చిన్న నలత చేసినా బొమ్మ మీద గీతలూ మరకలూ పడతాయి. బొమ్మల గదిలో, కిటికీ పక్కన, ఎత్తు స్టూలు మీద కూర్చుని, ఏది ఆకాశానిదో ఏది లారీదో తేల్చి, లారీదాన్ని తుడిచేయడం ఆమె పని. ఇరవై ఆరేళ్లుగా తుడుస్తోంది. ఆమె చేతి మీదుగా వెళ్లిన బొమ్మలో తప్పుందని ఇంతవరకు ఒక్కరూ వేలెత్తి చూపలేదు. ఆ మాట ఆమె రోజుకు రెండుసార్లయినా చెప్పుకునేది, వినేవాళ్లు ఉన్నా లేకపోయినా.

ఆ గది గోడకు ఒక చిన్న నల్లబల్ల ఉంది. దాని మీద సుద్దతో ఒక్కటే వాక్యం: "గుండ్రంగా ఉంటే ఉంచు, తోక ఉంటే తుంచు." దాన్ని రాసింది ఇప్పటి డైరెక్టరుగారే, ఆయన కుర్ర ఇంజినీరుగా ఉన్నప్పుడు. అప్పటి రిసీవరులో ఏదో లోపం ఉండేది. ప్రతి గెలాక్సీకీ కింద కుడి మూలకు సాగినట్టు ఒక దొంగ తోక తగిలించేది. బాగుచేయడం ఎవరివల్లా కాక, తోకలన్నీ చేత్తో తుంచేయమని ఆయన ఈ సూత్రం కట్టారు. తొమ్మిదేళ్ల కిందట ఆ రిసీవరును తీసేసి కొత్తది పెట్టారు. తోకలు చాలావరకు తగ్గాయి, పూర్తిగా పోలేదు. కొత్తదానికీ పాత జబ్బే అంటుకుంది కాబోలనుకుని అత్తయ్య తుంచుతూనే ఉంది. బల్ల మీద అక్షరాలు మాసినప్పుడల్లా వాటిని మళ్లీ దిద్దేదీ ఆమే.

ఆమెకు ఇంకో అలవాటు ఉంది, అది ఎవరూ నేర్పింది కాదు. తుడిచిన ప్రతి మరకకూ ఒక చిట్టీ రాస్తుంది. బొమ్మ నంబరు, బొమ్మను గళ్లుగా విడగొడితే ఆ మరక ఎన్నో గడిలో ఉందో, కింద పెన్సిలుతో దాని రూపం. పక్క బల్లల కుర్రకారు నవ్వేవాళ్లు.

"అత్తయ్యా, చెత్తకి కూడా చిట్టీ ఏంటి?"

"రేపెవరైనా వచ్చి నా చెవి పోగు పోయిందంటే, చెత్త ఎక్కడ పోశామో తెలియాలా వద్దా?" అనేది ఆమె.

ఆఫీసు అలమరలో చోటివ్వకపోవడంతో, ఆ చిట్టీలు చెప్పుల డబ్బాల్లో సర్దుకుని ఇంటికి మోసుకుపోయేది.

ఇప్పుడు అసలు సంగతి. బొమ్మల గదికి పెద్దగా ఉన్నాయన ఉద్యోగం ముగించుకుని వెళ్లిపోయాడు. ఆ కుర్చీలో ఎవరు కూర్చోవాలో సోమవారం ఉదయం డైరెక్టరుగారు చదివి వినిపిస్తారు. ఆ కాగితంలో ఉన్న పేరు అత్తయ్యదేనని ఆఫీసు మొత్తానికీ తెలుసు. ఆ సంగతి ఆమె మొగుడికి చెప్పడమే పొరపాటయింది. ఆయన పరుపులు కుట్టే మనిషి. ఇంటి ముందుగదే దుకాణం, ఆయన నోట్లో నువ్వుగింజ నానదు. రెండు రోజుల్లో వీధి వీధంతా అత్తయ్యను చూసి నవ్వుతూ తలూపడం మొదలుపెట్టింది. అంతటితో ఆగక, ఆ కొత్త కుర్చీకి కొలతలు ఊహించుకుని ఒక దిండు కుట్టడం కూడా మొదలుపెట్టాడాయన.

వాళ్లతోనే ఉండే ఆయన అక్కగారు, అంటే అత్తయ్యకు వదిన, ఆ దిండు చూసి మూతి విరిచింది. "ఆలూ లేదు చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగమట."

అత్తయ్య పైకి విసుక్కుంది గానీ, లోపల ఆమెకూ ఆ కుర్చీ కావాలి. ఇరవై ఆరేళ్లు స్టూలు మీద కూర్చున్న నడుముకి వెనక ఆనుకునే చోటు కావాలి. అంతకన్నా, ఆమె చేతి పని మచ్చలేనిదని అందరి ముందూ ఒకరు గట్టిగా చదవాలి.

శుక్రవారం మధ్యాహ్నం గ్యాస్ మేడమ్ బొమ్మల గదికి వచ్చింది. ముప్పై దాటని పిల్ల, పెద్ద చదువు. పొద్దున లేచింది మొదలు గెలాక్సీల గ్యాసు ఎటు పోయిందనే ఆరా తప్ప మరో ధ్యాస లేదు గనుక ఆ పేరు.

"థాంక్స్ చెప్దామని వచ్చా అత్తయ్యా. నా పని అయిపోయింది. మంగళవారం సభలో చదువుతున్నా," అంది.

"ఇంతకీ దొరికిందా మేడమ్ మీ గ్యాసు?"

"దొరకలేదు, ఎలా పోయిందో తేల్చేశా." మేడమ్ బల్ల అంచు మీద కూర్చుంది. "నేను చూస్తున్న గుంపులో నాలుగు వందల గెలాక్సీలున్నాయి కదా. అంచుల్లో ఉన్నవాటికి గ్యాసు నిండుగా ఉంది. మధ్యకి వెళ్లేకొద్దీ వట్టిపోయాయి. గ్యాసు లేకపోతే కొత్త నక్షత్రాలు పుట్టవు, ఉన్నవి ముసలివవుతాయి, అంతే. మొదట్లో నేను గాలి అనుకున్నా."

"అక్కడ గాలెక్కడిది?"

"గెలాక్సీల మధ్య ఖాళీగా ఉన్నట్టు ఉంటుంది కానీ ఉండదు. పలచగా, మహా వేడిగా ఇంకో గ్యాసు పరుచుకుని ఉంటుంది. దాంట్లోంచి గెలాక్సీ దూసుకుపోతుంటే దానికి అది ఎదురుగాలే. ఆ గాలికి లోపలి గ్యాసు ఊడి వెనక్కి కొట్టుకుపోవాలి. కానీ పోతే జాడ ఉండాలి కదా. మీరిచ్చిన బొమ్మల్లో ఒక్క గెలాక్సీ వెనక కూడా ఏమీ లేదు. అద్దాల్లా ఉన్నాయి."

అద్దాల్లా ఉన్నాయన్న మాట దగ్గరే అత్తయ్య చెవులు ఆగిపోయాయి. తర్వాతి మాటలు ఆమె మురిపెంలో సగమే విన్నది.

"అందుకని గాలి కాదని రాసేశా. బయటి నుంచి కొత్త గ్యాసు రావడం ఆగిపోయింది. ఉన్నది మెల్లగా వాడుకుని వట్టిపోయాయి. మూడేళ్ల పని, అత్తయ్యా."

ఆదివారం పొద్దున్నే పరుపులాయన స్కూటరు వెనక దూది బస్తా కట్టుకుని, దాని మీద దూది చితక్కొట్టే ఇనప చువ్వ, చెక్క గూటం పెట్టుకుని బయల్దేరాడు. ఆ బస్తాకు వెనక వైపు జానెడు చిరుగు. కుట్టమని అత్తయ్య మూడు నెలలుగా చెబుతోంది. ఊరందరి పరుపులూ కుట్టే మనిషికి సొంత బస్తా కుట్టుకునే తీరిక లేదు. ఆయన వెళ్లిన కాసేపటికి, ఆర్డరు ఇచ్చినావిడ ఫోను చేసి ఎక్కడున్నాడని అడిగింది.

"వాడెటు పోయాడే? బజారు దారా, ఆస్పత్రి దారా?" వదిన గుమ్మంలోంచి కేకేసింది.

అత్తయ్య చీపురు పట్టుకుని వీధిలోకి తొంగిచూసింది. తెల్లటి దూది పింజెలు ఇంటి ముందు నుంచి మొదలై, కూడలి దగ్గర ఎడమకు తిరిగి, ఆస్పత్రి గోడ వెంట వరసగా పడి ఉన్నాయి.

"ఆస్పత్రి దారి," అంది.

"నీకెలా తెలుసు?"

"తోక కనిపించట్లా? గాలికి దూది ఊడి…"

అక్కడే ఆమె మాట ఆగిపోయింది. వీధిలో చువ్వ పడలేదు, గూటం పడలేదు. బరువున్నవి బండి మీదే ఉన్నాయి. ఊడిపోయింది దూదొక్కటే. గెలాక్సీలో నక్షత్రాలు ఉన్నచోటే ఉంటాయి, గ్యాసు మాత్రం గాలికి ఊడి వెనకాల తోకలా సాగుతుంది. మేడమ్ మూడేళ్లుగా వెతుకుతున్న జాడ అదే. తొమ్మిదేళ్లుగా తను తుంచుతున్న తోకలు కూడా అవేనేమోనన్న భయం ఆమెను పట్టుకుంది. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు, పక్కన ఎవరైనా విన్నారేమోనని చుట్టూ చూసుకుంది. చీపురును గోడకు ఆనించి లోపలికి పరిగెత్తింది. అదే గోడకు, మరక పడుతుందన్న ధ్యాస కూడా లేకుండా.

పరుపు మీదికి వేసే గళ్ల గుడ్డ దుకాణం నేల మీద పరిచి ఉంది. అత్తయ్య మంచం కింద నుంచి చెప్పుల డబ్బాలు లాగి, మేడమ్ గుంపు తాలూకు చిట్టీలు ఏరింది. నలభై మూడు తేలాయి. ప్రతి చిట్టీ మీదా బొమ్మ నంబరు, గడి నంబరు ఉన్నాయి కదా, బొమ్మల వరస ప్రకారం గుడ్డ మీద గళ్లు లెక్కపెట్టి ఏ చిట్టీని ఆ గడిలో పెట్టసాగింది. ఆమె లెక్క సులువుదే. దొంగ తోకలైతే యంత్రం ఒకటే కాబట్టి అన్నీ ఒకే మూలకు తిరిగి ఉండాలి. ఉంటే బాగుండునని ఆమె మనసారా కోరుకుంది.

వదిన వచ్చి పీట లాక్కుని కూర్చుంది. పేకాట అనుకుందో ఏమో, తనూ నాలుగు చిట్టీలు అందించింది. అన్నీ పరిచాక కళ్లజోడు సవరించుకుని చూసింది.

"ఇదేంటే, అందరి తోకలూ బయటికీ, తలకాయలు లోపలికీ ఉన్నాయి. అటు పక్కవాళ్లు ఇటు, ఇటు పక్కవాళ్లు అటు పరిగెడుతున్నారు. మధ్యలో ఏం పంచుతున్నారేంటి?"

అత్తయ్య నేల మీద అలాగే కూర్చుండిపోయింది. నలభై మూడిట్లో మూడో నాలుగో తప్ప, అన్ని తోకలూ గుంపు మధ్య నుంచి బయటికే సాగి ఉన్నాయి. యంత్రానికి గుంపు నడుమ ఎక్కడుందో ఏం తెలుసు? ఇవి నిజం తోకలు. నాలుగు దిక్కుల నుంచీ మధ్యకు పడిపోతున్న గెలాక్సీలు దారి పొడుగునా విడిచిన గ్యాసు. మేడమ్ బొమ్మలు అద్దాల్లా ఉన్నాయంటే కారణం తనే.

మధ్యాహ్నం దాకా ఆమె ఒక్క ముద్ద మింగలేదు. ఈ చిట్టీల సంగతి తను చెబితే తప్ప ఎవరికీ తెలియదు. తుడవకముందటి బొమ్మలు ఆఫీసు టేపుల మీద ఉన్నాయి గానీ, తుడిచినవాటిని మళ్లీ తీసి చూసే ఓపిక ఎవరికుంటుంది? డబ్బాను పెరట్లో చెత్త తగలబెట్టే చోటికి తీసుకెళితే రేపు కుర్చీ వస్తుంది. చెబితే కుర్చీ పోతుంది, ఇరవై ఆరేళ్ల పేరూ పోతుంది. చెప్పకపోతే ఆ పిల్ల మంగళవారం నలుగురి ముందూ తప్పు చదువుతుంది. ఈ మూడు ముక్కలే ఆమె బుర్రలో తిరిగాయి. సిగ్గేసింది, ఏడుపూ వచ్చింది.

పరుపులాయన తిరిగొచ్చేసరికి ఆమె మొహం చూసి బస్తా దించడం మర్చిపోయాడు. అంతా చెప్పింది. ఆయన సగం కుట్టిన దిండు ఒళ్లోకి తీసుకుని సూదిలో దారం ఎక్కించాడు.

"ఓసారి ఒకాయన పరుపులో సూది మర్చిపోయాను, గుర్తుందా?" అన్నాడు.

"గుర్తుంది. చెప్పకుండా ఊరుకోమన్నా మీరు వినలేదు."

"పరుపులో సూది ఉంటే కుట్టినవాడే వెళ్లి చెప్పాలి. పడుకున్నవాడు చెప్పేదాకా ఆగకూడదు."

"మరి కుర్చీ? వీధంతా చెప్పుకొచ్చారు కదా."

"వీధికి నేను చెప్పుకుంటాలే. చెప్పడం నాకేమన్నా కష్టమా?" దిండు అంచు మడిచి కుట్టు వేశాడు. "ఇది దేనికైనా సరిపోతుంది. నువ్వు అన్నం తిను."

సోమవారం తొమ్మిదింటికల్లా ఆమె ఒక చంకలో గళ్ల గుడ్డ, ఒక చంకలో చెప్పుల డబ్బాతో బొమ్మల గదికి చేరింది. మొగుడు బలవంతాన ఇచ్చిన దిండు సంచీలో ఉంది. గ్యాస్ మేడమ్‌ను పిలిచి, నేల మీద గుడ్డ పరిచి, చిట్టీలు పెట్టి, దూది బస్తా దగ్గర్నుంచి అంతా ఎక్కడా నీళ్లు నమలకుండా చెప్పింది.

మేడమ్ మొహంలో రంగు పోయింది. మూడేళ్లు రాసింది ఒక్క పొద్దులో తిరగబడితే ఎవరికి మాత్రం పోదు? తర్వాత ఆ పిల్ల మోకాళ్ల మీద కూర్చుని ఒక్కో తోకనూ వేలితో తడిమింది. గుడ్డ అంచున ఉన్న చిట్టీ దగ్గర ఆగింది.

"ఇక్కడ రెండు మచ్చల మధ్య వంతెనలా గీశారే?"

"అదీ తుడిచేశా మేడమ్. రెంటికీ తోక ఉంది, రెండూ కలిసిపోయాయి."

"ఇది గాలి పని కాదు. ఈ మూల ఓ చిన్న జట్టు ఉంది. అందులో గెలాక్సీలు మెల్లగా, దగ్గర దగ్గరగా నడుస్తాయి. పక్కపక్కన పోతూ ఒకదాన్నొకటి లాక్కుంటాయి."

"ఒకే దుప్పటి ఇద్దరు లాక్కున్నట్టా?"

"అవును. అప్పుడు దూది ఊడటమే కాదు, గుడ్డా చిరుగుతుంది. గ్యాసుతో పాటు నక్షత్రాలు కూడా బయటికి వస్తాయి." మేడమ్ తలెత్తింది. కళ్లలో నీళ్లున్నాయి, నవ్వుతోంది. "మూడేళ్లు నేను టెలిస్కోపులో వెతికింది మీ చెప్పుల డబ్బాలో ఉందా అత్తయ్యా?"

అప్పుడే డైరెక్టరుగారు లోపలికి వచ్చారు. చొక్కా జేబులో మడిచిన కాగితం కనిపిస్తోంది. వెనక ఆఫీసు మొత్తం చప్పట్లు కొట్టడానికి సిద్ధంగా నిలబడింది. నేల మీద పరుపు గుడ్డ, దాని మీద మోకాళ్లతో తన సైంటిస్టు కనబడేసరికి ఆయన గుమ్మంలోనే ఆగిపోయారు.

"తొమ్మిదేళ్ల నుంచి నిజం తోకలు తుంచేస్తున్నాను సార్. తుంచింది నేనే," అంది అత్తయ్య. గోడ మీది బల్ల వైపు చూడకుండా ఉండటానికి ఆమె పడిన కష్టం ఆమెకే తెలుసు. తిలాపాపం తలా పిడికెడు అని పంచేయడానికి అదే సమయం, కానీ పంచలేదు.

బల్ల వైపు చూసింది ఆయనే. చిట్టీలు చూశారు, మళ్లీ బల్ల చూశారు. తిన్నగా వెళ్లి, జేబులోంచి రుమాలు తీసి, తను రాసిన వాక్యాన్ని తుడిచేశారు. తుడవడం చేతకాని మనిషి, బల్లంతా తెల్లగా అలికేశారు.

"రిసీవరు మార్చిన రోజే దీన్ని తుడవాల్సింది. అది మర్చిపోయింది నేను," అన్నారు. జేబులో కాగితం తడుముకున్నారు. "ఇది మాత్రం ఇవాళ చదవలేనమ్మా. ఈ నలభై మూడూ టేపుల్లోంచి తీసి మళ్లీ పెట్టండి. ఆ తర్వాత చదువుతాను."

అత్తయ్య సరేనంది. నిజం చెప్పిన వెంటనే ఎవరో శాలువా కప్పుతారని ఆమె అనుకోలేదు, అయినా బాధేసింది. జనం వెళ్లిపోయాక ఆ ఖాళీ కుర్చీ వంక ఒక్కసారి చూసి, సంచీలోంచి దిండు తీసి, తన పాత స్టూలు మీద వేసుకుని కూర్చుంది. కొలత సరిగ్గా సరిపోయింది. ఆయన ఊహించిన కుర్చీ ఏదో గానీ, ఇరవై ఆరేళ్లుగా తెలిసిన కొలతే చేతికి వచ్చినట్టుంది.

మంగళవారం మేడమ్ సభకు వెళ్లి, రాసుకున్నదంతా పక్కన పెట్టి, గాలే అని చెప్పింది. నమ్మనివాళ్ల కోసం గళ్ల గుడ్డ పరిచింది. తన గుడ్డ పెద్ద సభలో కూర్చుని వచ్చిందని పరుపులాయన వీధంతా చెప్పాడు. పాత కబురు అందరూ మర్చిపోయారు.

బుధవారం సాయంత్రానికి మొదటి టేపు చదవడం పూర్తయింది. తెర మీద గుండ్రటి మచ్చ కనిపించింది. దాని వెనక, ఒకప్పుడు ఆమె తుడిచేసినచోట, పలచటి తెల్లటి తోక మెల్లగా తేలింది. బాగా పొడవు. తను పెన్సిలుతో గీసింది అందులో సగం కూడా లేదు. మేడమ్ ఇంకో టెలిస్కోపు తీసిన మామూలు వెలుతురు ఫోటోను దాని మీద పరిచింది. తోక పొడుగునా అక్కడక్కడా సన్నటి నీలం చుక్కలు వెలిగాయి.

అత్తయ్య చెయ్యి అలవాటు కొద్దీ తుడిచే మీట వైపు వెళ్లింది. "ఇవేం మరకలు మేడమ్?"

"నక్షత్రాలు. కొత్తవి. ఊడిపోయిన గ్యాసులో, గెలాక్సీ బయటే పుట్టాయి."

అత్తయ్య చెయ్యి వెనక్కి తీసుకుని ఒళ్లో పెట్టుకుంది.

"అయితే నేను ఊడ్చింది పురిటి గదినా?"

మేడమ్ ఆమె భుజం మీద చెయ్యి వేసింది. ఇద్దరూ ఏడ్చారు, ఇద్దరూ నవ్వారు, ఏది ముందో పక్క బల్లల కుర్రకారు కూడా తేల్చలేకపోయారు. వాళ్లలో ఒకరు అప్పటికే ఖాళీ నల్లబల్ల మీద "తోకల అత్తయ్య గది" అని రాసి పెట్టారు. అక్షరాలు వంకరగా ఉన్నాయి. ఆమె చూసింది గానీ తుడవలేదు.

డబ్బాలోంచి ఒక కొత్త చిట్టీ తీసింది. బొమ్మ నంబరు వేసింది, గడి నంబరు వేసింది. తోకను ఈసారి కొసదాకా గీసి, పక్కన నీలం పెన్సిలుతో చుక్కలు పెట్టింది. ఇన్నేళ్లూ "తుడిచాను" అని రాసేచోట, కాస్త ఆగి, "ఉంది" అని రాసింది. తర్వాత దిండు సర్దుకుని రెండో టేపు అడిగింది.